స్టేక్ ల్యాండ్: స్లో అని వదిలేయకండి

వాంపైర్ (రక్తం తాగే పిశాచం) అంటే అందమైన ప్రేమికుడు అనుకునే రోజుల్లో, 2010లో వచ్చింది ఈ సినిమా. ఇందులో అవి ప్రేమించవు, పిచ్చికుక్కల్లా మీద పడతాయి. దర్శకుడు జిమ్ మికిల్, ఖర్చు పది లక్షల డాలర్లలోపే. టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్‌లో మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్ విభాగంలో ప్రేక్షకులే ఓటేసి అవార్డు ఇచ్చారు, విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు, అయినా థియేటర్లలో చూసినవాళ్లు చాలా తక్కువ. ఎప్పుడు తలుచుకున్నా నాకు బాధగానే ఉంటుంది.

బడ్జెట్‌కి మించి కనిపిస్తోందని అందరూ పొగిడారు, నిజమే. కానీ నాకు నచ్చింది అది కాదు. వాంపైర్ల దెబ్బకి అమెరికా కూలిపోయాక అనాథ కుర్రాడు మార్టిన్, వాడిని కాపాడిన మిస్టర్ అనే వేటగాడు కారేసుకుని కెనడా వైపు పోతుంటే, దారిలో పాడుబడ్డ ఇళ్లూ ఖాళీ రోడ్లూ చూస్తూ మనకీ ఎవరో పోయినట్టు గుండె బరువెక్కుతుంది. మిస్టర్‌గా నిక్ డామిచీ (కథ రాసిందీ మికిల్‌తో కలిసి ఇతనే) తక్కువ మాట్లాడతాడు, చంపిన వాంపైర్ల కోరలు పీకి దాచుకుంటాడు, ఊళ్లలో వాటికి విలువుంది మరి. 'టాప్ గన్' సినిమా హీరోయిన్ కెల్లీ మెక్‌గిల్లిస్ ఇందులో నన్ (క్రైస్తవ సన్యాసిని). ఆవిడ మొహంలో భయం, భక్తి రెండూ ఒకేసారి కనిపిస్తాయి, నన్నడిగితే సినిమాలో అందరికంటే బాగా చేసింది ఆవిడే.

అన్నిటికన్నా నన్ను వణికించింది హెలికాప్టర్ సీన్. ఊరంతా కలిసి పాటలు, డాన్సులతో ఒక్క సాయంత్రం సంతోషంగా ఉంటే, దేవుడి పేరు చెప్పుకునే ముఠా ఒకటి పైనుంచి వాంపైర్లని వాళ్ల మధ్యలోకి జారవిడుస్తుంది. పిశాచాల కంటే మనుషులకే ఎక్కువ భయపడాలని డైలాగ్ కొట్టకుండానే చెప్పేశాడు మికిల్.

స్లోగా ఉందన్న విమర్శ ఒప్పుకోను, ఆ నిదానం లేకపోతే వీళ్ల అలసట మనకి తెలియదు. మార్టిన్ వాయిస్ ఓవర్ మాత్రం ఎక్కువైంది, కళ్లకి కనిపిస్తున్నదే మళ్లీ చెప్తాడు. చివర్లో ముఠా నాయకుడు తిరిగొచ్చే భాగం కూడా అప్పటిదాకా ఉన్న నిజాయితీని తగ్గించింది, అక్కడ విమర్శకుల మాటే నా మాట.

2016లో రెండో భాగం వచ్చింది, దాని దర్శకుడు మికిల్ కాదు. ముందు ఇదే చూడండి, కానీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టకండి, మొదట్లోనే పసిబిడ్డ చావు ఉంది.