పీజీల డ్యూటీ గదిలో ల్యాప్ ట్రైనర్ పెట్టె

ఎం.ఎస్. జనరల్ సర్జరీలో చేరిన వారికి మొదటి ఏడాది లాప్రోస్కోపీ (కడుపు మీద చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేసే శస్త్రచికిత్స) అంటే చాలావరకు కెమెరా పట్టుకుని నిలబడటమే కనుక, రోగి దగ్గరికి వెళ్లేలోపు చేతులకు సాధన కల్పించేందుకు మా విభాగం తెప్పించిన బాక్స్ ట్రైనర్ (ఆ శస్త్రచికిత్సను సాధన చేసే పెట్టె) గురించి ఇక్కడ రాస్తున్నాను. మూతకు పోర్టుల (పరికరాలు లోపలికి పంపే గొట్టాల) కోసం రబ్బరు రంధ్రాలు, లోపల ఎల్‌ఈడీ దీపం, ల్యాప్‌టాప్‌కు తగిలించే కెమెరా, పట్టుకునేందుకు రెండు గ్రాస్పర్లు, ఒక కత్తెర, కుట్టు సూదిని పట్టే ఒక నీడిల్ హోల్డర్ ఇందులో వస్తాయి.

చేయి కుడికి జరిపితే పరికరం కొస ఎడమకు పోయే తీరు పుస్తకం చదివితే వంటబట్టదు. దానిని అలవాటు చేయడంలో ఈ పెట్టెకు వంక పెట్టలేము. అమెరికాలో సర్జరీ బోర్డు తప్పనిసరి చేసిన ఎఫ్‌ఎల్‌ఎస్ (లాప్రోస్కోపీ ప్రాథమిక నైపుణ్యాల) పరీక్షలోని మొదటి పనిని, అంటే ఆరు ముక్కలను ఒక చేత్తో ఎత్తి, గాలిలోనే రెండో చేతికి అందించి, అవతలి మేకులకు తగిలించి, తిరిగి 300 సెకన్లలోపు యథాస్థానానికి చేర్చడాన్ని, ఇందులో చక్కగా సాధన చేయవచ్చు. కుట్టు దగ్గరే చిక్కు: నీడిల్ హోల్డర్ నాసిరకం, సూది పట్టులో నిలవదు. ఆపరేషన్ థియేటర్‌లో పక్కన పడేసిన పాతదానిని అడిగి తెచ్చుకున్న తరువాతే ఇంట్రాకార్పోరియల్ ముడి (లోపలే పరికరాలతో వేసే ముడి) కుదిరింది. కుట్టు ప్యాడ్ త్వరగా చిరిగిపోయినా, గ్లవ్ ముక్క బిగించుకుంటే పని జరుగుతుంది. కెమెరా కదలకుండా బిగించి ఉన్నందున 30 డిగ్రీల స్కోపును (కొస ఏటవాలుగా ఉండి, తిప్పితే చూపు దిశ మారే కెమెరా గొట్టాన్ని) తిప్పడం మాత్రం ఇందులో రాదు. మొదటి ఏడాది వారి చేతికి వచ్చే పని అదే కావడం విడ్డూరం.

అయితే పీజీల సంతృప్తి పెట్టె నాణ్యత కన్నా దానిని ఉంచే చోటును బట్టే ఎక్కువగా మారింది. స్కిల్స్ ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లు, వార్డు పని తెమిలేసరికి తలుపుకు తాళం పడేది. డ్యూటీ గదికి మార్చాక క్యాజువాల్టీ పిలుపుల మధ్య కూడా ఎవరో ఒకరు దాని ముందు కనిపిస్తున్నారు. పీజీలకు సహేతుకమైన పనివేళలు, విశ్రాంతి ఉండాలని 2023 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు చెబుతున్నా, గంటల లెక్క తేల్చలేదు కాబట్టి, సాధనకు వారానికో గంటను యూనిట్ చీఫ్ రోస్టర్‌లోనే కేటాయించాలి. ఆ గంటలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పక్కన నిలిచి మణికట్టు తిప్పే తీరు సరిదిద్దకపోతే, తప్పు పద్ధతే చేతికి స్థిరపడుతుంది.

కొనదలచిన విభాగాలు విక్రేతతో మాట్లాడి నాసి నీడిల్ హోల్డర్‌ను మినహాయించి, మంచిదానిని విడిగా తెప్పించుకోవడం మేలు.