కొరియా ప్యాకేజీ కొనేవాళ్ళు జాగ్రత్త: ఉచితంగా చూసే రాజకోట కాపలా వేడుకకు తలకు 2,400 వసూలు

అనంతపురం, హిందూపురం, కదిరి వైపు నుంచి కొరియా టూరు పోదామనుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. సియోల్‌లో క్యోంగ్‌బొక్‌గుంగ్ అనే పెద్ద రాజప్యాలెస్ ఉంది. దాని ముందర కాపలా భటులు మారే వేడుక జరుగుతుంది. అది చూడటానికి పైసా కట్టక్కర్లేదు. ప్యాలెస్‌కు మంగళవారం సెలవు, ఆ రోజు వేడుక కూడా ఉండదు. ఈ రెండు ముక్కలు గుర్తుంటే మాకు పెట్టిన టోపీ మీకు పెట్టలేరు. మిగతాది తీరికుంటే చదవండి.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చిన కాడి నుంచి మనకు కొరియా పక్క ఊరైపోయింది. ఇంట్లో ఆడపిల్లలుంటే ఇంక చెప్పే పనే లేదు, పొద్దున లేస్తే కొరియా సీరియళ్ళే. ఆ గాలి చూసుకొని ట్రావెల్స్ వాళ్ళు కూడా కొరియా ప్యాకేజీలు మొదలుపెట్టినారు. మేము 2025 చివర్లో అట్లాంటి ఒక చోట కట్టినాము. తలకు 1,68,000. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయను. బ్రోచర్ మీద మాత్రం ఎర్రంగీల భటుల బొమ్మ పేజీ అంతా వేసి, "రాజుగారి సైన్యం లైవ్ పరేడ్, వీఐపీ ఎంట్రీ" అని రాసినారు. బిల్లులో దానికి వేరే లైను: రాయల్ గార్డ్ సెరిమనీ ఎంట్రీ, తలకు 2,400.

రాజుగారి సైన్యమంట! కొరియాలో రాచరికం 1910లో జపాన్ వాళ్ళు దేశాన్ని కలిపేసుకున్నప్పుడే పోయింది. ఇప్పుడు అక్కడ నిలబడేవాళ్ళు సైనికులు కారు. పాతకాలం కాపలా పద్ధతిని వేషాలు కట్టి చూపించే కళాకారులు. అందులో తక్కువేమీ లేదు, చూడముచ్చటగానే ఉంటుంది. కానీ దానికి వీఐపీ ఎంట్రీ ఏంది?

డేట్లు వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజే మా చిన్నది పట్టేసింది. డిగ్రీ చదువుతోంది, ఆ ప్యాలెస్ గేట్ల పేర్లన్నీ దానికి నోటికి వచ్చు. "అమ్మా, వీళ్ళు ప్యాలెస్‌ను మంగళవారం పెట్టినారు, ఆ రోజు మూసేస్తారు" అనింది. అదే మాట గ్రూపులో పెట్టినా. ఏజెంట్ పిల్లోడు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, "అక్కా, టెన్షన్ వద్దు, మన గ్రూప్‌కు స్పెషల్ పర్మిషన్ ఉంటుంది" అని జవాబిచ్చినాడు. దానికి కింద ఇంకో పదిమంది బొటనవేలు బొమ్మలు. ఆ మెసేజి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమని మా ఆయన అన్నాడు. ఇప్పుడు మా చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే.

మంగళవారం రానే వచ్చింది. బస్సు దిగితే ప్యాలెస్ ముందరి పెద్ద గేటు, గ్వాంగ్‌హ్వామున్ అంటారు, దాని తలుపులు మూసి ఉన్నాయి. భటులూ లేరు, డోలూ లేదు. పక్కన బోర్డు మీద కొరియా భాషలోను, ఇంగ్లీషులోను మంగళవారం సెలవని స్పష్టంగా రాసి ఉంది. ఆ బోర్డు ముందరే నిలబడి గైడు "ఈరోజు గవర్నమెంట్ సడన్‌గా క్లోజ్ చేసింది" అన్నాడు. మూసి ఉండటం కంటే నాకు ఒళ్ళు మండింది ఆ మాటకు. స్పెషల్ పర్మిషన్ సంగతి అడిగితే ఫోన్ చెవికి పెట్టుకొని అటు తిరిగినాడు. గేటు ముందర ఒక గ్రూప్ ఫోటో, పది నిమిషాలు. అక్కడి నుంచి జిన్సెంగ్ అని, వాళ్ళు మందుగా వాడే వేరు అమ్మే షాపు, గంటన్నర. బయటికి పోదామంటే బస్సు తలుపు తీయలేదు, డ్రైవర్ లేడని. ఒక్కో డబ్బా వేలల్లో. మోకాళ్ళ నొప్పికి మంచిదని మా అత్తకు అంటగట్టాలని చూసినారు. ఆమె డబ్బా మూత తీసి వాసన చూసి, "మన అశ్వగంధ ఇంత రేటు లేదులే" అని తిరిగి ఇచ్చేసింది.

అదే రోజు మాకు ఇంకో ప్యాలెస్ దగ్గర అదే రకం వేడుక చూపించి ఉండొచ్చు. డొక్సుగుంగ్ అనేది సిటీ హాల్ స్టేషన్ ఎదురుగా ఉంది. గ్వాంగ్‌హ్వామున్ నుంచి నేరుగా ఆ పెద్ద రోడ్డు పట్టుకొని, సెజోంగ్ రాజు విగ్రహం, నౌకాదళాధిపతి యి సున్‌షిన్ విగ్రహం దాటి నడిస్తే మెల్లగా అయినా అరగంట లోపే. దానికి సెలవు సోమవారం, మంగళవారం తెరిచే ఉంటుంది. దాని గేటు ముందర కూడా కాపలా మారుతుంది, రోడ్డు మీద పోయేవాళ్ళు ఎవరైనా నిలబడి చూడొచ్చు. గైడుకు ఇది తెలియకుండా ఉంటుందా? అక్కడికి తీసుకుపోతే కమిషన్ రాదు, అంతే.

ఫ్రీ టైం ఇచ్చిన రోజు పొద్దున మేమే పోయినాము. సబ్‌వే మూడో లైను, క్యోంగ్‌బొక్‌గుంగ్ స్టేషన్, ఐదో నంబరు దారి. పైకి వస్తే ప్యాలెస్ ఆవరణలోనే తేలతాము. వేడుక పొద్దున 10 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, ఇరవై నిమిషాల సేపు ఉంటుంది. జరిగే చోటు గ్వాంగ్‌హ్వామున్ దాటినాక, హుంగ్నేమున్ గేటు ముందరుండే మైదానం. టికెట్టు చూసేది ఆ రెండో గేటు దగ్గర. అంటే వేడుక అంతా టికెట్టుకు బయటే అయిపోతుంది. తాడు కట్టిన చోటికి అరగంట ముందు చేరితే ముందు వరస దొరుకుతుంది. తలకు 2,400 కట్టించుకొని దీన్ని అమ్మడం, కదిరి నరసింహస్వామి తేరు చూడటానికి టికెట్టు అమ్మినట్టుంది.

చూసినదాని గురించి కూడా చెప్పాలి, లేకపోతే పోవద్దని రాసినట్టవుతుంది. ముందు పెద్ద డోలు మోగుతుంది. జెండాలు, ఈటెలు, విల్లులు పట్టుకొని ఎర్రంగీలవాళ్ళు, నీలం అంగీలవాళ్ళు వరసగా వస్తారు. పాత దండు నాయకుడు, కొత్త దండు నాయకుడు ఎదురెదురుగా నిలబడి గుర్తింపులు సరిచూసుకుంటారు, అప్పుడు గాని గేటు బాధ్యత చేతులు మారదు. మధ్యలో శంఖం ఊదినారు. మా అత్త చేతిలో సంచి కింద పెట్టి దండం పెట్టింది. అయిపోయినాక గేటు దగ్గర నిలబడినవాళ్ళతో ఫోటో దిగొచ్చు. మా పక్కన నిలబడిన భటుడి గడ్డం అంటించింది. చెంప దగ్గర ఒక అంచు లేచి, కింద జిగురు మెరుస్తా ఉంది. ఆ అబ్బాయి కళ్ళు మాత్రం రెప్ప వేయలేదు. మా చిన్నది ఆ ఫోటోనే స్టేటస్ పెట్టుకుంది.

తర్వాత లోపలికి పోయినాము. పెద్దవాళ్ళ టికెట్టు 3,000 వోన్లు, మన డబ్బులో రెండు వందల లోపే. హాన్‌బొక్ అనే వాళ్ళ సంప్రదాయ దుస్తులు వేసుకొని పోతే అదీ లేదు, ఉచితం. చుట్టుపక్కల వీధుల్లో అద్దెకిచ్చే షాపులు బోలెడు. 1395లో కట్టి, 1592 యుద్ధంలో కాలిపోయి, మళ్ళీ 1860లలో లేపిన కోట అది. సగం పూట చాలదు, కొలను మధ్యన మండపం ఒక్కటి చూడటానికే గంట పట్టింది మాకు.

ఇంటికొచ్చి డబ్బు వెనక్కి అడిగితే మొదట "అది ప్యాకేజీలో భాగం మేడమ్" అన్నారు. అక్కా పోయి మేడమ్ వచ్చింది. స్క్రీన్‌షాట్ పంపితే వచ్చే వియత్నాం టూరులో ఐదు వేలు తగ్గిస్తామన్నారు. నాకు వియత్నాం వద్దు, నా డబ్బు కావాలి. 1915కు ఫోన్ చేసినా, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. దానికీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాము. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడిదైనా మనం కాపురముండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. విదేశీ టూరు ప్యాకేజీ అమ్మేటప్పుడు ఏజెంట్ మన దగ్గర టీసీఎస్ అని, ముందుగానే పట్టుకునే ఆదాయపన్ను వసూలు చేసి మన పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. మేము పోయినప్పుడు 10 లక్షల వరకు 5 శాతం ఉండింది, రేటు మారుతుంటుంది. అది మన సొమ్మే, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది. మా బిల్లులో "ట్యాక్సులన్నీ కలిపి" అని ఒకే అంకె వేసినారు. గడువు దాటినాక మా ఆయన ఫారం 26ఏఎస్, అంటే మన పాన్ మీద జమైన పన్నుల లెక్క, తీసి చూస్తే ఏమీ పడలేదు. భటుల టికెట్టు కంటే ఇది పెద్ద మొత్తం. కాబట్టి జీఎస్టీ ఎంత, టీసీఎస్ ఎంత అని విడివిడిగా, జీఎస్టీ నంబరున్న బిల్లు మీద రాయించుకోండి. తెల్లకాగితం రసీదు ఇస్తే డబ్బు తీయొద్దు.

టూరు ప్లాను కూడా "మూడో రోజు, నాలుగో రోజు" అని కాకుండా తేదీ, వారం పెట్టి ఇమ్మనండి. వారం పేరు కనబడితే సెలవులు మనమే పోల్చుకోవచ్చు. ఎండ, చలి, వాన మరీ ఎక్కువైతే సియోల్‌లో వేడుక రద్దు చేస్తారు, దానికి ఏజెంట్‌ను అనలేము. మంగళవారం మాత్రం ముందే తెలిసే విషయం. పిల్లల దగ్గరికి లండన్ పోయేవాళ్ళకూ ఇదే లెక్క: బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర గార్డులు మారేది రోజూ కాదు, మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో. బయట నిలబడి చూడటం అక్కడా ఉచితమే. బ్యాంకాక్‌లో తంతు తలకిందులు: గ్రాండ్ ప్యాలెస్ తెరిచే ఉంటుంది, బయట ఆటోవాళ్ళు "ఈరోజు మూసేసినారు" అని చెప్పి నగల షాపుకు తిప్పుతారు. గేటు దాకా పోయి మీ కళ్ళతో చూసుకోండి.

మీ కొటేషన్‌లో కూడా రాయల్ గార్డ్ సెరిమనీ ఎంట్రీ అనే లైను కనబడితే కట్టకముందే కొట్టేయించండి. ఇప్పటికే కట్టి, పోయి వచ్చి ఉంటే ఆ బిల్లు, వాట్సాప్ చాట్ చెరిపేయొద్దు. కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ళు టైముంది.