చక్కెరను లోపలికి తెచ్చుకోవడానికి బ్యాక్టీరియాకి ఏ దారి చవక?

పాలలో లాక్టోజు అనే చక్కెర సుమారు 5 శాతం ఉంటుంది. అందులో పడ్డ తోడు బ్యాక్టీరియా చుట్టూ తిండే, కానీ కణపొర చక్కెరను ఊరికే లోపలికి రానివ్వదు. పొరలోని ప్రోటీన్లు మోసుకురావాలి, కూలి కట్టాలి. కూలి ఏ రూపంలో కడుతుందన్నదే తేడా.

మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాకి లాక్టోజు తెచ్చే ప్రోటీన్ లాక్‌వై. పొర బయట ప్రోటాన్లు ఎక్కువ, లోపల తక్కువ. మేడ మీద ట్యాంకులో నీళ్లున్నట్టే. ఒక ప్రోటాన్ లోపలికి దిగుతూ ఒక లాక్టోజును వెంట తెస్తుంది. ఆ ప్రోటాన్‌ను మళ్లీ బయటికి తోలడానికయ్యే ఖర్చు ఒక ఏటీపీలో (ఏటీపీ అంటే కణం శక్తిని ఖర్చుపెట్టే నాణెం లాంటి అణువు) మూడో వంతుకు అటూ ఇటూ. చవకే. కానీ ట్యాంకు ఖాళీ అయితే అదే గేటు వెనక్కి పనిచేసి, తెచ్చిన చక్కెరను బయటికి వదిలేస్తుంది.

అదే ఈ.కోలై మాల్టోజు అనే చక్కెరకి మాత్రం ఏటీపీని నేరుగా ఖర్చుపెట్టే ఏబీసీ రకం ప్రోటీన్లు వాడుతుంది. ఒక్క మాల్టోజుకి 2 ఏటీపీలు! మాల్టోజు అంటే రెండు గ్లూకోజులు. గాలి లేని చోట పులియబెడితే వచ్చేది మొత్తం 4 ఏటీపీల చుట్టుపక్కలే. పావలా కోడికి ముప్పావలా మసాలా అనిపిస్తుంది. అయినా దీన్ని తీసిపారేయలేం. బయట చక్కెర మైక్రోమోలార్ స్థాయికి, అంటే బాగా పలచగా, పడిపోయినా ఇది ఏరి తెస్తుంది. లాక్‌వై జోరుగా పనిచేయాలంటే చక్కెర అంతకు వందల రెట్లు చిక్కగా ఉండాలి. కరువులో ధర చూసుకుంటే ఎలా?

నా ఓటు మాత్రం పీటీఎస్‌కి. 1964లో సాల్ రోజ్‌మన్ బృందం ఈ.కోలైలో కనిపెట్టిన పద్ధతి ఇది. లోపలికి వస్తూండగానే చక్కెరకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేటు పీఈపీ అనే అణువు నుంచి వస్తుంది, దాని విలువ ఒక ఏటీపీ. ఖర్చే కదా అంటారా? గ్లూకోజును వాడుకోవాలంటే ఎలాగూ ఒక ఏటీపీ పెట్టి ఫాస్ఫేటు తగిలించాల్సిందే. ఆ పని గుమ్మంలోనే అయిపోయింది కాబట్టి రవాణా ఉచితం కింద లెక్క. పైగా ఫాస్ఫేటు అంటిన చక్కెర మళ్లీ బయటికి జారిపోదు. పాలల్లో పెరిగే లాక్టోకాకస్ లాక్టిస్ రకాలు లాక్టోజును ఇలాగే తెచ్చుకుంటాయి.

యోగర్ట్‌లోని స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్‌ది ఇంకో ఎత్తు. లాక్టోజును లోపల విడగొట్టి, గ్లూకోజు ఉంచుకుని, గెలాక్టోజును బయటికి పంపుతూ దానికి బదులుగా కొత్త లాక్టోజును తెచ్చుకుంటుంది. కూలి సున్నా, కానీ సరుకులో సగం పారబోత. పాలలో ఆ దుబారా చెల్లుతుంది, వేరే చోట చెల్లదు.

ఈ.కోలై తీర్పు కూడా పీటీఎస్ వైపే. గ్లూకోజు, లాక్టోజు రెండూ పెడితే ముందు గ్లూకోజే తింటుందని ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త జాక్ మోనో 1940ల మొదట్లోనే చూశాడు. గ్లూకోజు పీటీఎస్ దారిలో లోపలికి వస్తున్నంతసేపు పీటీఎస్‌లోని ఒక ప్రోటీన్ తన ఫాస్ఫేటు ఇచ్చేసి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ప్రోటీన్ వెళ్లి లాక్‌వైకి అతుక్కుని దాన్ని మూసేస్తుంది. గ్లూకోజు అయిపోయాక మళ్లీ ఫాస్ఫేటు అందుకుని తప్పుకుంటుంది, అప్పుడుగానీ లాక్టోజుకి దారి దొరకదు.