అంగారక శిలల పూతలు గీకే ర్యాట్: పనితనం, లోపాలు

అంగారకుడి రాళ్లకు పైన ఎర్రటి దుమ్ము, దాని కింద గట్టిగా అంటుకున్న పూత, ఆ కింద శైథిల్యంతో రసాయన కూర్పు మారిపోయిన పొర ఉండొచ్చు. ఇవన్నీ దాటితేగానీ అసలు రాయి దొరకదు. 2004 జనవరిలో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల చేతికి ఈ పని కోసమే రాక్ అబ్రేషన్ టూల్ బిగించారు. ముద్దుగా ర్యాట్ అంటారు, తయారీ హనీబీ రోబోటిక్స్.

బరువు 720 గ్రాముల లోపే, మోటార్లు మూడు. వజ్రపు రేణువులు పొదిగిన చక్రం 45 మిల్లీమీటర్ల వెడల్పున, 5 మిల్లీమీటర్ల లోతు దాకా అరగదీసేది. ఆ వెడల్పు చక్కగా కుదిరింది: అదే చేతి మీదున్న దగ్గరి ఫొటోల కెమెరా మైక్రోస్కోపిక్ ఇమేజర్ ఒక్క ఫొటోలో పట్టేది 31 మిల్లీమీటర్ల చదరం, మూల నుంచి మూలకు దాదాపు 44. గుంటలోనే ఇమిడిపోతుంది.

వాడే పద్ధతే దీని అసలు బలం. రాయి రసాయన కూర్పును ఉన్నది ఉన్నట్టు ఒకసారి, బ్రష్‌తో దుమ్ము తుడిచాక ఒకసారి, అరగదీశాక ఇంకోసారి కొలవాలి. మూడు కొలతల మధ్య తేడాయే పూత గురించి చెబుతుంది. స్పిరిట్ దిగిన గుసెవ్ బిలంలోని మజత్జాల్ రాయి మీద ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. లేత రంగు పొర కింద నల్లటి పూత బయటపడింది. ఒక్కసారి అరగదీస్తే అది పూర్తిగా పోలేదు, అదే చోట రెండోసారి దించాల్సి వచ్చింది. అడుగున ఒలివిన్ అనే ఖనిజం ఉన్న బసాల్ట్ (లావా గట్టిపడిన రాయి) కనిపించింది.

లోపాలూ చిన్నవి కావు. గట్టి బసాల్ట్ మీద పని చాలా నిదానం: అడిరాండాక్ రాయిలో 2.65 మిల్లీమీటర్లు దిగడానికి సుమారు 3 గంటలు పట్టింది. స్పిరిట్ చక్రం 15 గుంటలకే అరిగిపోయి, ఆ తర్వాత బ్రష్ మాత్రమే మిగిలింది. ఎగుడుదిగుడు రాయి మీద పరికరం సరిగ్గా ఆనదు. రాలిన పొడి గుంటలోనే ఉండిపోతే పూత, లోపలి రాయి కలిసిపోయి కొలత చెడుతుంది. అందుకే అరగదీశాక మళ్లీ బ్రష్ తప్పనిసరి.

పలుచని పూతలకైతే తర్వాతి రోవర్ క్యూరియాసిటీ మీదున్న కెమ్‌క్యామ్ లేజరే మేలు. 7 మీటర్ల దాకా దూరం నుంచి ఒకే చుక్క మీద వరసగా కొడుతూ పొర తర్వాత పొర చదువుతుంది. కానీ ఆ చుక్క అర మిల్లీమీటరు మేరే ఉంటుంది. మందపాటి పొరకు మా ఓటు ర్యాట్‌కే. దాని గుంటల్లో తీసిన కొలతల డేటా తెరిచినప్పుడు ముందు గంధకం, క్లోరిన్ అంకెలు చూడండి; దుమ్ములో, పూతలో ఇవి ఎక్కువ. రెండో గుంటలోనూ అవి ఇంకా తగ్గుతుంటే చక్రం మారిన పొరను పూర్తిగా దాటలేదని అనుమానించాలి.