బండి లాగట్లేదు: పార్టు మార్చడమా, కోడ్ చూడటమా, నడిపి చూడటమా?

"ఐడిల్‌లో బాగానే ఉంటుంది. మెల్లగా పోతే ఏమీ తెలియదు. ఓవర్‌టేక్ చేద్దామనో, ఎత్తు ఎక్కిద్దామనో తొక్కితే మాత్రం బండి లాగట్లేదు. ముందు ఫ్యూయల్ ఫిల్టర్ మార్చించాలా, స్కానర్ పెట్టించాలా?" కాస్త అటూఇటూగా చాలామంది అడిగే ప్రశ్న ఇదే. ఈ రెంటితో పాటు మూడో దారి ఒకటుంది: స్కానర్‌ని (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు, అంకెలు చదివే పరికరం) తగిలించే ఉంచి, బండిని బరువు మీద, అంటే ఇంజిన్ గట్టిగా లాగాల్సి వచ్చేలా నడుపుతూ లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు పంపే అంకెలు) చూడటం. నా మొగ్గు దానివైపే.

దేనికైనా ముందు తప్పు ఇంజిన్‌దేనా అన్నది చూసుకోవాలి. తొక్కగానే ఆర్‌పీఎం రయ్యిన లేచి స్పీడు మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. పెద్దగా బ్రేకు వాడకుండా కొంతదూరం నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసి ఉంది. ఈ రెండూ తేలడానికి స్కానర్ అక్కర్లేదు.

పార్టులు మార్చడాన్ని పూర్తిగా తీసిపారేయను. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడటం రెండు నిమిషాల పని. డీజిల్ బండికి ఫ్యూయల్ ఫిల్టర్ గడువు దాటిపోయి ఉంటే ఎలాగూ మార్చాల్సిందే. ఒకటో సిలిండర్ మిస్సవుతోందని (మిస్‌ఫైర్, అంటే అందులో ఇంధనం సరిగా మండట్లేదని) పి0301 కోడ్ వస్తే, దాని కాయిల్‌ని (ప్లగ్గుకి కరెంటిచ్చేది) మూడో సిలిండర్‌కి మార్చి చూడటం నాకు చాలా ఇష్టమైన పరీక్ష. కోడ్ పి0303గా మారిందంటే కాయిలే పోయింది. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో చూసుకోవాలి. పైసా ఖర్చు లేదు. కానీ ఏ ఆధారమూ లేకుండా ముందు ప్లగ్గులు, తర్వాత పంపు, ఆ తర్వాత సెన్సర్ అంటూ పోవడం చీకట్లో బాణం వేయడమే. పికప్ పడిపోవడమనే ఒక్క లక్షణానికి డజను కారణాలుంటాయి మరి.

ఇక కోడ్. డ్యాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్‌కి స్కానర్ పెడితే క్షణాల్లో వచ్చేస్తుంది, అందుకే అందరూ అక్కడే ఆగిపోతారు. పి0299 అంటే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) తక్కువగా ఉందని అర్థం, టర్బో పోయిందని కాదు. హోస్ క్లిప్పు ఊడినా అదే కోడ్ వస్తుంది. పి0171 అంటే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు వాటా తక్కువైందని. చాలాచోట్ల అది చూసి ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచేది) మార్చేస్తారు. పాపం ఆ సెన్సర్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే! కోడ్ కంటే దాని వెంట ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్‌కి నేను ఎక్కువ విలువిస్తాను. తప్పు నమోదైనప్పుడు ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ మీద లోడ్ ఎంత, వేడి ఎంత అన్నవి అందులో ఉంటాయి. మరో చిక్కేమిటంటే, బలహీనపడిన పంపు, సగం మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసేది) లాంటివి ఒక్కోసారి ఏ కోడూ ఇవ్వవు.

అన్నట్టు, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, మిణుకుమిణుకుమనడం వేరు. మిణుకుతుంటే మిస్‌ఫైర్ గట్టిగా ఉన్నట్టు. కాలని ఇంధనం కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అప్పుడు పరీక్షలేవీ వద్దు, యాక్సిలరేటర్ వదిలి బండి పక్కకు తీయండి.

నడిపి చూడటమే మేలని ఎందుకంటున్నానంటే, ఈ జబ్బు ఇంజిన్ మీద బరువు పడ్డప్పుడే బయటపడుతుంది. బానెట్ ఎత్తి నిలబెట్టి చూస్తే అన్ని లెక్కలూ సరిగ్గానే కనిపిస్తాయి. ఖాళీ రోడ్డు మీద, వీలైతే ఎత్తులో, మూడో గేరులో 2000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి లాగించాలి. స్క్రీన్ పక్కనున్నవాళ్లు చూడాలి, లేదా రికార్డింగ్ పెట్టేయాలి. నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

డీజిల్ అయితే రెండు జతల అంకెలు చాలు: రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే డీజిల్ ఒత్తిడి), బూస్ట్. రెంటిలోనూ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగింది ఎంత, వచ్చింది ఎంత? 1400 బార్ అడిగితే 900 దగ్గరే ఆగిపోయిందంటే ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్ల లీకు వైపు వెళ్లాలి. రైల్ ప్రెషర్ అడిగినంతా వచ్చి బూస్ట్ వెనకబడితే హోసులు, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), యాక్చుయేటర్ (బూస్ట్‌ని అదుపు చేసేది) చూసి, టర్బో సంగతి చివర్న చూడాలి.

పెట్రోల్ అయితే ఫ్యూయల్ ట్రిమ్, అంటే మిశ్రమాన్ని సరిచేయడానికి ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో. అటూఇటూ పది శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగితే ఎక్కడో గాలి దొంగదారిన లోపలికి పోతోంది. ఐడిల్‌లో బాగుండి, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే ఇంధనం చాలట్లేదు, లేదా మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికిపట్టి గాలిని తక్కువ చేసి చెబుతోంది. పెడల్ నూరు శాతం తొక్కినా థ్రాటిల్ ముప్ఫై దాటి తెరుచుకోకపోతే అది లింప్ మోడ్. ఈసీయూనే కావాలని పట్టి ఉంచింది, ఎందుకో కోడ్‌లో వెతకాలి.

దీనికీ లోట్లున్నాయి. సాకెట్‌కి పెట్టి ఫోన్‌తో కలిపే చవక అడాప్టర్లు నెమ్మది. ఒకేసారి పది అంకెలు పెడితే అంకె అసలు పడిపోయిన క్షణమే జారిపోతుంది, మూడు నాలుగు మించొద్దు. డీజిల్‌లో "అడిగింది" అన్న లెక్కను మామూలు యాప్‌లు చాలాసార్లు చూపించవు, కంపెనీ స్కానర్ కావాలి. ఫ్యూయల్ ప్రెషర్ సెన్సర్ లేని పెట్రోల్ బండికి గేజ్ తగిలించక తప్పదు. కన్వర్టర్ మీద అనుమానమైతే ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి 2500 ఆర్‌పీఎం దగ్గర చూడాలి. ఒత్తిడి 3 పీఎస్‌ఐ దాటితే లోపల జామ్ అయినట్టే.

షోరూం సర్వీసుకే ఇస్తామంటే మంచిదే. టెస్ట్ డ్రైవ్‌కి స్కానర్ పెట్టుకుని వెళ్లమని, ఏ గేరులో ఎంత స్పీడులో లాగట్లేదో రాసి ఇవ్వండి. ట్యాంకులో పోసే క్లీనర్లు అసలు పరీక్షే కాదు. బ్యాటరీ వైరు పీకి పెట్టే చిట్కా మాత్రం స్కాన్ చేయకముందు వద్దు, కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోవచ్చు.