మాసిడోనియా పాత పుస్తకాల వేట: స్కాన్‌టెయిలర్, టెస్సెరాక్ట్ ఎంతవరకు పనికొస్తాయి?

మాసిడోనియా అనగానే మనవాళ్లకు అలెగ్జాండర్ గుర్తొస్తాడు. నాకు కావాల్సింది ఆయన కాదు. ఒట్టోమన్ (టర్కీ సుల్తానుల) పాలన చివరి దశ, ఆ పాలన మీద 1903లో లేచిన ఇలిండెన్ తిరుగుబాటు, 1912-13 బాల్కన్ యుద్ధాలు. వీటి మీద ఒకప్పుడు వచ్చి మళ్లీ అచ్చు పడని పుస్తకాలు కావాలి. ఇప్పటి ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో ఉద్యోగం చేసేటప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది. హైదరాబాద్ వచ్చేసినా వదల్లేదు. వెతకడానికి ఇంటర్నెట్ ఆర్కైవ్, ఏ పుస్తకం ఏ గ్రంథాలయంలో ఉందో చెప్పే వరల్డ్‌క్యాట్, తీసిన పేజీలు శుభ్రం చేయడానికి స్కాన్‌టెయిలర్, అక్షరాలు గుర్తించడానికి టెస్సెరాక్ట్. ఏళ్ల తరబడి ఇవే వాడుతున్నాను. ముందే చెప్పేస్తా, స్కానింగ్ అసలు కష్టమే కాదు. కష్టమంతా దానికి ముందు, ఆ తర్వాత.

ముందు ఊళ్ల పేర్ల గొడవ. ఇప్పటి బిటోలా పాత ఇంగ్లిష్, ఫ్రెంచ్ పుస్తకాల్లో మొనాస్టిర్. స్కోప్యే అంటే ఉస్కుబ్. వెలెస్ అంటే కోప్రులు. థెస్సలొనికి ఒకచోట సలోనికా, ఇంకోచోట సొలున్, మరోచోట సెలానిక్. ఈ పేర్లు తెలియకుండా కూర్చుంటే రోజంతా వెతికినా అలెగ్జాండరే ఎదురవుతాడు. 'మొనాస్టిర్' అని కొట్టినా చిక్కే, ఆ మాటకు మఠం అనే అర్థం కూడా ఉంది కాబట్టి క్రైస్తవ మఠాలన్నీ వరసకట్టి వస్తాయి. పక్కన 1903 అని సంవత్సరం చేర్చాకే నాకు పని జరిగింది. ఇంకో దారి కూడా ఉంది. ఆ రోజుల్లో మాసిడోనియా అనే దేశం లేదు కాబట్టి చాలా పుస్తకాలు 'టర్కీ ఇన్ యూరప్', 'ఈస్టర్న్ క్వశ్చన్' అనే విషయ శీర్షికల కింద దాక్కుని ఉంటాయి. స్కోప్యేలో యుగోస్లావియా కాలంలో వేసిన పుస్తకాలకైతే సెర్బియా వాళ్ల పాత వస్తువుల సైట్ కుపిందో బాగా పనికొస్తుంది. పేరును సిరిలిక్‌లో (రష్యన్, మాసిడోనియన్ లాంటి భాషల లిపి) ఒకసారి, లాటిన్ లిపిలో ఒకసారి కొట్టి చూడాలి, అంతే.

హక్కుల లెక్క వేరే టెన్షన్. హెచ్.ఎన్. బ్రెయిల్స్‌ఫర్డ్‌నే తీసుకోండి. 1931లో 'రెబెల్ ఇండియా' రాసి మన స్వాతంత్ర్య పోరాటానికి అండగా నిలిచిన ఇంగ్లిష్ పాత్రికేయుడు. అంతకు చాలా ముందు, ఇలిండెన్ అణచివేత తర్వాత, సహాయ కార్యక్రమాల కోసం ఆయన మాసిడోనియా వెళ్లాడు. ఆ అనుభవంతో 1906లో లండన్‌లో మాసిడోనియా జాతుల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆయన 1958లో పోయాడు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు, కాబట్టి ఇక్కడ 2019 నుంచి ఆ పుస్తకం అందరిదీ. బ్రిటన్‌లో 70 ఏళ్లు, అంటే 2028 చివరిదాకా ఆగాలి. గ్రంథాలయాల ఉమ్మడి డిజిటల్ భాండారమైన హాతీట్రస్ట్‌లో కొన్ని పుస్తకాలు అమెరికాలో ఉన్నవాళ్లకు పూర్తిగా తెరుచుకుని, మనకు మాత్రం ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పి ఊరుకోవడానికి కారణం కూడా ఇలాంటి లెక్కలే. స్కోప్యేలోని జాతీయ చరిత్ర సంస్థ 1969లో తెచ్చిన మూడు సంపుటాల చరిత్ర లాంటివి ఇంకా హక్కుల్లో ఉన్నాయి. అలాంటివి నా చదువు కోసం స్కాన్ చేసుకుంటాను, ఎక్కడా పెట్టను.

స్కానింగ్ గురించి రెండు ముక్కలు చాలు. బంకతో అతికించిన బైండింగ్‌ను బల్ల స్కానర్ మీద బోర్లించి నొక్కితే వెన్ను పగులుతుంది. పైనుంచి కెమెరా, పేజీ మీద గాజు పలక, రెండు పక్కలా దీపాలు. మామూలు అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), సన్నటి అధోజ్ఞాపికలకు 400. మడత మ్యాపులు మాత్రం విప్పి తీయాలి. పెద్ద ఎత్తున చేసిన స్కాన్లలో మ్యాపు మడత మీదే ఫొటో పడి ఉంటుంది. మాసిడోనియా పుస్తకంలో మ్యాపు పోతే సగం పుస్తకం పోయినట్టే, ఎందుకంటే అప్పటి తగాదా అంతా ఏ ఊరు ఎవరిది అనే దాని మీదే.

స్కాన్‌టెయిలర్ అంటే నాకు నిజంగా ఇష్టం. రెండు పేజీలను విడదీస్తుంది, వంకరను సరిచేస్తుంది, అంచులు సమానం చేస్తుంది, పైసా అడగదు. అసలు ప్రోగ్రాం ఆగిపోయింది కాబట్టి 'అడ్వాన్స్‌డ్' అనే కొత్త రూపం వేసుకోండి. ఫొటోలున్న పేజీలకు అక్షరాలను, బొమ్మలను వేరువేరుగా చూసే మిక్స్‌డ్ మోడ్ పెట్టాలి, లేకపోతే తిరుగుబాటు నాయకుల ముఖాలు నల్లటి సిరా మరకలైపోతాయి. మచ్చలు తుడిచే సెట్టింగ్‌ను తక్కువలోనే ఉంచండి. మాసిడోనియన్‌లో గ్యె, క్యె అనే రెండు అక్షరాల నెత్తిన చిన్న గీత ఉంటుంది. సెట్టింగ్ ఎక్కువైతే ఆ గీతను కూడా మచ్చ అనుకుని తుడిచేస్తుంది, మిగిలేవి గ, క. మన దీర్ఘాలు, గుడిదీర్ఘాలు ఎగిరిపోతే ఎలా ఉంటుందో అలాగే.

ఇక టెస్సెరాక్ట్. మాసిడోనియన్ వర్ణమాల ఖాయమైంది 1945 మేలో. ఆ తర్వాతి పుస్తకాలు శుభ్రంగా తీస్తే బాగానే చదువుతుంది, వాటికి ఐదుకు నాలుగు ఇస్తాను. అంతకు ముందువాటికి రెండే. వాసిల్ కంచోవ్ 1900లో బల్గేరియా రాజధాని సోఫియాలో వేసిన జనాభా వివరాల పుస్తకం పాత బల్గేరియన్ స్పెల్లింగ్‌లో ఉంది. 1945 సంస్కరణతో తీసేసిన యాత్, పెద్ద యూస్ లాంటి అక్షరాలు పేజీ నిండా ఉంటాయి. ఇప్పటి బల్గేరియన్ నేర్చిన ఇంజిన్ వాటిని తనకు తెలిసిన ఇంకేదో అక్షరంగా మార్చేస్తుంది. మాసిడోనియన్‌కు సొంత సాహిత్య భాష ఉండాలన్న క్రస్తె మిసిర్‌కోవ్ 1903లో సోఫియాలోనే అచ్చువేసిన పుస్తకం ఇంకా చిక్కు, ఎందుకంటే ఆయన తన స్పెల్లింగ్ తానే పెట్టుకున్నాడు. అప్పట్లోనే చాలా ప్రతులు నాశనమైన పుస్తకం అది. దాన్ని మాత్రం ఫోటోప్రతిలోనే చదవండి. భాషను సవరించి వేసిన ప్రతుల్లో ఆయన ప్రయోగం కనబడదు.

అన్నిటికంటే విసిగించేది కంటికి కనబడని తప్పు. సిరిలిక్ అ, ఎ, ఒ, జె అక్షరాలు లాటిన్ అక్షరాల్లాగే ఉంటాయి. అధోజ్ఞాపికల్లో జర్మన్, ఫ్రెంచ్ పేర్లున్నాయని రెండు లిపులూ కలిపి చదివిస్తే, ఒకే మాటలో మూడు అక్షరాలు సిరిలిక్, ఒకటి లాటిన్ అవుతాయి. తెరమీద చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. వెతికితే మాత్రం ఆ మాట పుస్తకంలో లేదంటుంది! సిరిలిక్ మాట మధ్యలో లాటిన్ అక్షరం కనిపిస్తే మార్చేసే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. అప్పటికిగానీ ఆనాటి విప్లవ నాయకుడు 'గోత్సె దెల్చెవ్' పేరు అన్ని పేజీల్లోనూ దొరకలేదు.

అందుకే నేను టెక్స్ట్ ఫైలు విడిగా ఎవరికీ ఇవ్వను. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ప్రోగ్రాంతో పేజీ బొమ్మ కిందే అక్షరాలు దాచి ఇస్తాను. అనుమానం వస్తే చదివేవాళ్లు అసలు పేజీ చూసుకుంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముఖపత్రంతో పాటు ప్రచురణ వివరాల పేజీ కూడా తప్పకుండా తీయండి. ఒకే పత్రాల సంకలనం స్కోప్యేలో ఒకలా, సోఫియాలో ఒకలా వ్యాఖ్యలతో వస్తుంది. మీ చేతిలో ఉన్నది ఎవరిదో, ఏ ఏడాదిదో చెప్పేది ఆ ఒక్క పేజీయే.