పసుపు ముద్దా, ఉప్పునీళ్లా? కుక్క పట్టిన కోడికి ఏది మేలు

కుక్క నోట్లోంచి పెట్టను విడిపించగానే మన చెయ్యి పసుపు డబ్బా మీదికే పోతుంది. పైపైన గీరుకుంటే పసుపుతో పెద్ద నష్టం లేదు. పంటి గాటు అలా కాదు. ఈకలు తప్పించి చూస్తే చిన్న రంధ్రమే, లోపల మాత్రం కండ చీలి ఉంటుంది. ముద్ద ఆ రంధ్రాన్ని మూసేస్తే చీము లోపలే పడుతుంది.

నా ఓటు ఉప్పునీళ్లకే. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, సూది తీసిన సిరంజితో మట్టి, ఈకల ముక్కలు పోయేదాకా కడగాలి. తర్వాత, పలుచని టీ రంగు వచ్చేలా నీళ్లు కలిపిన బెటాడిన్. శ్రమ ఎక్కువే, పాపం కోడి గింజుకుంటుంది. తువ్వాలు చుట్టి పట్టుకుంటే నెమ్మదిస్తుంది.

ఏది చేసినా గంప కింద విడిగా ఉంచండి, ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి. ఈగ వాలితే పురుగు పడుతుంది. గాటు లోతైతే అదే రోజు పశువుల డాక్టరుకి చూపించండి.